తాటిపూడి ఆకాశంలో నల్ల పట్టీ: వైడ్ యాంగిల్ లెన్స్ మీద పోలరైజర్ వాడిన ఒక కేస్ స్టడీ

గత ఏడాది దసరా రోజుల్లో విజయనగరంలోని ఒక కంటి వైద్యురాలు నన్ను పిలిపించి, తమ ఆసుపత్రిలో రోగులు కూర్చునే హాలు గోడకు తాటిపూడి జలాశయం ఫొటో కావాలన్నారు. కొలత 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. కొండలు, ఆకాశం ఎలాగూ వస్తాయి కాబట్టి వాటి గురించి ఆవిడ పెద్దగా చెప్పలేదు. గట్టిగా అడిగింది మాత్రం ఒక్కటే: "ఒడ్డున నిలబడితే నీళ్ల అడుగున రాళ్లు కనపడాలండీ. మా చిన్నప్పుడు మేం చూసిన తాటిపూడి అదే." అంత స్పష్టంగా తనకేం కావాలో చెప్పగలిగిన వారు మా వృత్తిలో అరుదుగా దొరుకుతారు. ఆ ఒక్క మాటను నేను మొదటిసారి సరిగా వినలేదు. ఈ కేసులో జరిగిన పొరపాటంతా అక్కడి నుంచే మొదలైంది.

తాటిపూడి గోస్తనీ నది మీద కట్టిన జలాశయం. విశాఖపట్నానికి తాగునీరు ఇచ్చే వనరుల్లో ఇదొకటి. అక్టోబరు రెండో వారంలో, వర్షాలు వెనకబట్టి ఆకాశం కడిగినట్టున్న ఒక ఉదయం అక్కడికి వెళ్లాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 16-35 మి.మీ. లెన్స్, దాని ముందు సర్క్యులర్ పోలరైజర్, అంటే రింగు తిప్పి ఒక దిశలో కంపించే కాంతిని ఆపగల ఫిల్టర్. లెన్స్‌ను అత్యంత వెడల్పుగా చూసే 16 దగ్గర పెట్టి, కెమెరాను దాదాపు నేరుగా ఉత్తరానికి తిప్పాను. ముందున్న రాళ్లు పెద్దగా కనిపించాలని స్టాండును బాగా కిందికి, నేల నుంచి 60 సెం.మీ. ఎత్తుకు దించాను. ఏడు గంటల ప్రాంతంలో సూర్యుడు నా కుడిచేతి వైపు, దిగంతానికి సుమారు 16 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. ఎఫ్ 11, ఐఎస్ఓ 100, సెకనులో 20వ వంతు. వ్యూఫైండర్‌లో చూస్తూ ఫిల్టర్ రింగును తిప్పి, ఆకాశం అత్యంత గాఢమైన నీలంగా మారిన చోట ఆపాను. ఎన్నో ఏళ్లుగా చేతికి అలవాటైన పద్ధతి అదే కావడంతో, ఆ క్షణంలో దాన్ని ప్రశ్నించాలని నాకు తోచలేదు.

కెమెరా వెనక ఉన్న చిన్న తెరమీద బొమ్మ బాగానే ఉంది. అయితే అచ్చుకు ముందు రెండడుగుల నమూనా తీయించినప్పుడు, ప్రింటింగ్ షాపులో కాగితం కోసే కుర్రాడు దాన్ని బల్ల మీద పరిచి, "ఇదేటి బాబూ, ఆకాశం మద్దిన మసి పట్టినట్టుంది?" అన్నాడు. అతను చూపించాక దాన్ని చూడకుండా ఉండడం నాకు సాధ్యం కాలేదు. కొండల వరుస మీద మధ్యకు కాస్త కుడిగా మొదలై, పైకి పోతూ ఎడమకు కొద్దిగా ఒరిగిన ముదురు నీలపు పట్టీ ఒకటి ఆకాశాన్ని రెండుగా చీల్చింది. దానికి రెండు పక్కలా ఆకాశం పాలిపోయి ఉంది. అదే నమూనాను వైద్యురాలికి చూపించినప్పుడు ఆవిడ పట్టీ గురించి అడిగి, ఆ వెంటనే వేలు బొమ్మ కింది భాగం మీద పెట్టి, "మరి రాళ్లేవండీ?" అన్నారు. నీటి మీద తెల్లటి తళుకు పరుచుకుని ఉంది. అడుగున ఉన్న రాయి ఒక్కటీ కనిపించడం లేదు. ఒకే ఫొటోలో రెండు లోపాలు ఉన్నాయి, ఆ రెండింటికీ కారణం ఒకటేనని తెలుసుకోవడానికి నాకు దాదాపు నెల పట్టింది.

మొదట అందరిలాగే పరికరాన్ని అనుమానించాను. వైడ్ యాంగిల్ మీద మందమైన రింగు ఉన్న ఫిల్టర్ వేస్తే, లేదా యూవీ ఫిల్టర్ తీయకుండా దాని మీదే పోలరైజర్ బిగిస్తే, ఫ్రేమ్ మూలలు నల్లబడతాయి. దీన్ని తేల్చుకోవడం సులువు: లెన్స్‌ను అత్యంత వెడల్పు దగ్గర పెట్టి, ఫోకస్ దూరానికి తిప్పి, అపర్చర్ ఎఫ్ 16కు మూసి, సున్నం వేసిన తెల్లగోడను ఒకసారి ఫిల్టర్‌తో, ఒకసారి ఫిల్టర్ లేకుండా తీసి మూలలను పోల్చి చూడాలి. నా ఫిల్టర్ పలుచటి రింగుది, మూలల్లో తేడా రాలేదు. పైగా మూలల నలుపు ఫ్రేమ్‌తో పాటే కదులుతుంది, నా పట్టీ మాత్రం ఆకాశంతో కదులుతోంది. కెమెరాను ఎడమకు తిప్పిన ఫ్రేముల్లో అది కుడి అంచుకు జరిగింది. అంటే ఆ పట్టీ అద్దంలో లేదు, నిజంగా ఆకాశంలోనే ఉంది.

సూర్యకాంతి గాలి అణువులకు తగిలి చెదిరినప్పుడు, ఆ కాంతి తరంగాల కంపనం అన్ని దిశల్లోనూ సమానంగా ఉండక, ఒక దిశకు ఒరుగుతుంది. దీనినే ధ్రువణం అంటాం. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న ఆకాశంలో ఈ ధ్రువణం అత్యధికంగా ఉండి, సూర్యుడి వైపు వెళ్తున్నకొద్దీ, సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కుకు వెళ్తున్నకొద్దీ తగ్గిపోతుంది. చూపుడువేలును సూర్యుడి వైపు చాచి, బొటనవేలును దానికి అడ్డంగా నిలిపి, చూపుడువేలు కదలకుండా మణికట్టును తిప్పితే బొటనవేలు ఆకాశంలో ఏ దారిన తిరుగుతుందో, ధ్రువణం దట్టంగా ఉన్న పట్టీ ఆ దారినే ఉంటుంది. పొద్దున సూర్యుడు తూర్పున కింద ఉన్నప్పుడు అది ఉత్తరాన లేచి, నడినెత్తి మీదుగా దక్షిణానికి దిగే తోరణంలా ఉంటుంది. నేను ఆ ఉదయం కెమెరాను సరిగ్గా ఆ తోరణపు కాలికి ఎదురుగా పెట్టాను.

మామూలు లెన్స్‌తో తీసేవారికి ఇది ఎందుకు ఎదురుకాదో కోణాలు చూస్తే అర్థమవుతుంది. ఫుల్‌ఫ్రేమ్ మీద 50 మి.మీ. లెన్స్ అడ్డంగా సుమారు 40 డిగ్రీల మేర చూస్తుంది. 35 మి.మీ. 54 డిగ్రీలు, 24 మి.మీ. 74 డిగ్రీలు, 16 మి.మీ. ఏకంగా 97 డిగ్రీలు చూస్తాయి. 40 డిగ్రీల ముక్కలో పట్టీ మొత్తాన్ని నింపేస్తుంది, లేదా ఒక పక్క నుంచి మరో పక్కకు నెమ్మదిగా పలుచబడుతుంది. కంటికి అది సహజంగానే తోస్తుంది. 97 డిగ్రీల వెడల్పులో మాత్రం పట్టీ, దానికి అటూ ఇటూ ఉన్న పలుచటి ఆకాశం, మూడూ ఒకే ఫ్రేమ్‌లోకి వచ్చేస్తాయి.

దీన్ని లెక్కల్లోనే వదిలేయకుండా చూసి తేల్చుకోవాలని, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం ఇసుకలో ఒక ఉదయం స్టాండు వేసి, ఉత్తరానికి తిప్పి, ఫిల్టర్‌ను పూర్తి గాఢతకు పెట్టి, 16, 20, 24, 28, 35 మి.మీ. దగ్గర వరుసగా తీశాను. 35 దగ్గర పట్టీ ఉందని తెలిసిన వాడికే కనిపిస్తుంది. 28 దగ్గర ఆకాశం ఒక పక్క ముదురుగా ఉన్నట్టు ఉంటుంది గానీ అభ్యంతరకరం కాదు. 24 దగ్గర తెరమీద సర్దుకుపోవచ్చు, పెద్ద అచ్చులో మాత్రం తెలిసిపోతుంది. 20కి దిగాక ఇక దాపరికం లేదు. పూర్తి గాఢతకు బదులు రింగును అందులో సగం వరకే తిప్పితే 24 దగ్గర పట్టీ కలిసిపోయింది కానీ 16 దగ్గర కలవలేదు. ఇది నా కళ్లతో, నా లెన్స్‌తో వచ్చిన తీర్పు. మబ్బులు చెల్లాచెదురుగా ఉన్న ఆకాశంలో పట్టీ విరిగిపోతుంది కాబట్టి అక్కడ ఇంకొంత వెసులుబాటు ఉంటుంది.

మళ్లీ తాటిపూడి వెళ్లే ముందు, ఉన్న ఫొటోనే బాగుచేయాలని రెండు ప్రయత్నాలు చేశాను. కంప్యూటర్‌లో పట్టీ మీద మాస్క్ వేసి, అంటే ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకుని, వెలుగు పెంచితే, నీలం చాలా ముదిరిపోయిన చోట గరుకుదనం బయటపడింది, కొండల అంచు వెంట తెల్లటి గీత తేలింది. 6 అడుగుల అచ్చులో అది మసికన్నా అన్యాయంగా ఉంటుంది. రెండోది, 50 మి.మీ. లెన్స్‌తో నిలువు ఫ్రేములు వరుసగా తీసి అతికించడం. సన్నటి లెన్స్ కాబట్టి పట్టీ రాదని నేను నిజంగానే నమ్మాను. అతికించిన బొమ్మలో పట్టీ యథాతథంగా వచ్చింది, రావడం న్యాయం కూడా. అన్ని ముక్కలూ కలిస్తే చూసే ఆకాశం మళ్లీ ఆ 97 డిగ్రీలే కదా.

అసలు విషయం నీటి దగ్గర తెలిసింది. నీటి ఉపరితలం మీద ప్రతిఫలించే తళుకు కూడా ధ్రువణం చెందిన కాంతే. స్కాట్లండ్ భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1815లో చూపినట్టు, ప్రతి పదార్థానికీ ఒక కోణం ఉంటుంది. ఆ కోణంలో ప్రతిఫలించిన కాంతి పూర్తిగా ఒకే దిశలో కంపిస్తుంది. నీటికి అది నిట్టనిలువు నుంచి సుమారు 53 డిగ్రీలు, అంటే మన చూపు నీటి మట్టానికి 37 డిగ్రీల వాలులో దిగాలి. ఆ వాలులో తళుకు కంపనం నీటి మట్టానికి సమాంతరంగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి, అడ్డపు కంపనాన్ని ఆపేలా ఫిల్టర్‌ను తిప్పితే తళుకు పోయి అడుగు కనిపిస్తుంది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ 1921లో ఓడ ప్రయాణంలో చేసింది ఇదే: ఒక దిశలో కంపించే కాంతినే రానిచ్చే నికల్ పట్టకంతో ఉపరితలపు ప్రతిఫలనాన్ని తీసేసి చూస్తే సముద్రపు నీలం తగ్గలేదనీ, ఇంకా బాగా కనిపించిందనీ, కాబట్టి ఆ నీలం కేవలం ఆకాశపు ప్రతిబింబం కాదనీ ఆయన చూపారు. మా ఫిల్టర్ చేసే పని ఆ పట్టకం చేసిన పనే.

ఇక్కడే నా రెండు లోపాలూ కలిశాయి. పొద్దున సూర్యుడు తూర్పున కింద ఉండగా, ఉత్తరపు ఆకాశం నుంచి వచ్చే కాంతి కంపనం దాదాపు నిలువుగా ఉంటుంది. నీటి తళుకు కంపనం అడ్డంగా ఉంటుంది. ఆకాశాన్ని ముదురు చేయాలంటే నిలువును ఆపాలి, నీటిని తేటపరచాలంటే అడ్డాన్ని ఆపాలి. రెండింటికీ మధ్య తేడా సరిగ్గా రింగులో పావు తిప్పు. నేను ఆకాశం చూస్తూ రింగు తిప్పినప్పుడు, ఆకాశంలో పట్టీని సాధ్యమైనంత నల్లగా చేసి, అదే వేలి కదలికతో నీటి తళుకును సాధ్యమైనంతగా లోపలికి రానిచ్చాను. ఆవిడ అడిగిన దాన్ని చెరిపేసి, అడగని దాన్ని పాడుచేశాను. దీన్ని ఇంత సూటిగా రాయడానికి కారణం, నాతో పనిచేసే కుర్రాళ్లలో చాలామంది ఇప్పటికీ ఆకాశాన్ని చూసే రింగు తిప్పుతున్నారు. ఎండ నడినెత్తికి దగ్గరగా ఉన్న వేళల్లో దిగంతం దగ్గరి ఆకాశపు కంపనం కూడా అడ్డంగానే ఉంటుంది కనుక, నీరూ ఆకాశమూ ఒకే తిప్పుకు లొంగుతాయి. మధ్యాహ్నాలు తీసి నేర్చుకున్న అలవాటు ఉదయాల్లో దెబ్బతీసేది అందుకే.

ఎత్తు లెక్క కూడా అప్పుడే చేశాను. 37 డిగ్రీల వాలులో, 60 సెం.మీ. ఎత్తున ఉన్న లెన్స్‌కు నీరు అత్యంత తేటగా కనిపించే చోటు 80 సెం.మీ. దూరంలోనే ఉంటుంది. అదే లెన్స్‌ను 1.5 మీటర్లకు లేపితే ఆ చోటు 2 మీటర్ల దూరానికి వెళ్తుంది, తేటగా కనిపించే మేర కూడా ఆ లెక్కన పెరుగుతుంది. ఇంకొకటి: 16 మి.మీ. లెన్స్ నిలువుగా చూసేది 74 డిగ్రీలు. కెమెరాను దిగంతానికి సమంగా పెడితే ఫ్రేమ్ కింది అంచు సరిగ్గా 37 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అంటే నీరు విచ్చుకునే చోటు మొదలయ్యే సరికి ఫొటో అయిపోతుంది. నేనైతే ఆకాశం ఎక్కువ రావాలని కెమెరాను కొద్దిగా పైకే ఎత్తాను. రాళ్లు కనిపించకపోవడంలో వింత లేదు.

రెండోసారి వెళ్లే రోజును నాకు ఖాయం చేసినది జలాశయంలో చేపలు పట్టే ఒక పెద్దాయన. అక్టోబరులోనే ఆయన, "కార్తీకం వెళ్లేటప్పుడు రండి బాబూ, బురద దిగి నీళ్లు తేటపడతాయి" అన్నాడు. ఫిల్టర్ తళుకును తీయగలదు గానీ నీటిలో కలిసిన మట్టిని తీయలేదు. నవంబరు ఆఖరి వారంలో, గాలి లేని ఉదయం చూసుకుని వెళ్లాను. అప్పటికి సూర్యుడు దక్షిణానికి జరిగి ఉండడం వల్ల, ఏడున్నర గంటలకు ధ్రువణ పట్టీ ఫ్రేమ్ మధ్య నుంచి కుడివైపు మూడో వంతులోకి తప్పుకుంది. స్టాండును 1.5 మీటర్లకు లేపి, కెమెరాను కిందికి సుమారు 12 డిగ్రీలు వంచాను. ఆకాశం తగ్గి, నీరు పెరిగింది.

ఈసారి కన్ను ఆకాశం వైపు పోనివ్వలేదు. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెరమీద, ఒడ్డుకు రెండు మీటర్ల దూరంలో మునిగి ఉన్న ఒక రాయిని పెద్దది చేసి పెట్టుకుని, దాన్నే చూస్తూ రింగును నెమ్మదిగా తిప్పాను. మొదట అక్కడ రాయి ఉన్నట్టే తెలియదు, ఆకాశం నీటి మీద తెల్లగా మెరుస్తోంది. రింగు కదిలేకొద్దీ ఆ తెలుపు మధ్య నుంచి పక్కలకు విరుచుకుని, కింద ఆకుపచ్చని పాచి అంటిన రాయి వీపు, దాని పక్కన గులకరాళ్లు, వాటి మీద అటూ ఇటూ పాకే అలల వెలుగు గీతలు తేలాయి. రాయి అంచు అత్యంత పదునుగా కనిపించిన చోట ఆపాను. తల ఎత్తి మొత్తం ఫ్రేమ్ చూస్తే ఆకాశంలో పట్టీ లేదు. ఫిల్టర్ ఈ స్థితిలో నిలువు కంపనాన్ని రానిస్తుంది కాబట్టి, సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో మామూలుగా కాస్త వెలుగు తక్కువగా ఉండే ఆకాశం తక్కిన భాగంతో ఇంచుమించు సమానమైంది. నీలం లేతగానే ఉంది, ఆ వేళకు తాటిపూడిలో ఆకాశం నిజంగా అలాగే ఉంటుంది.

ఒక్క చిక్కు మిగిలింది. ఫ్రేమ్ మధ్యలో నీరు విచ్చుకున్నా, కింది రెండు మూలల్లో తళుకు పూర్తిగా పోలేదు. ఇంత వెడల్పు లెన్స్‌లో మూలల నుంచి వచ్చే కాంతి ఫిల్టర్ గుండా బాగా ఏటవాలుగా పోతుంది, అందువల్ల మధ్యకు సరిపోయిన తిప్పు మూలకు సరిపోదు. రింగును అటు 20 నుంచి 30 డిగ్రీల మేర తిప్పితే ఒక మూల తేటపడింది, ఇటు తిప్పితే రెండోది తేటపడింది. అందుకని స్టాండు కదల్చకుండా, ఎక్స్‌పోజరు మాన్యువల్‌లో బిగించి, వైట్ బ్యాలెన్స్ కూడా ఆటోలో వదలకుండా, మూడు ఫ్రేములు తీశాను: మధ్యకు ఒకటి, ఒక్కో మూలకు ఒక్కొక్కటి. గాలి లేదు కాబట్టే ఇది కుదిరింది. అలలుంటే మూడు ఫ్రేముల నీరు ఒకదానితో ఒకటి అతకదు, అలాంటి రోజున మూలల తళుకును ఉండనివ్వడమే మేలు.

కంప్యూటర్ పని ఒక గంటలో ముగిసింది. మూడు ఫ్రేములను పొరలుగా పేర్చి, మూలల్లో మాత్రం మెత్తటి బ్రష్‌తో మాస్క్ తెరిచాను, కలిసే గీతను ఒక పెద్ద రాయి నీడ వెంట పోనిచ్చాను. ఆకాశాన్ని ముట్టుకోలేదు. దూరాన కొండల మీది చెట్లకు మాత్రం కొంచెం గాఢత పెంచాను, ఎందుకంటే ఆకుల మీది మెరుపు ఆకు వాలు ఎటుంటే అటు కంపిస్తుంది, నీటికి సరిపోయిన తిప్పు అన్ని ఆకులకూ సరిపోదు. ఆకుల కోసమే పోలరైజర్ వాడాలంటే మబ్బు పట్టిన రోజే దానికి తగినది. వాన వెలిసిన ఒక సాయంత్రం శాలిహుండం కొండమీద తడిసిన చెట్లనూ, ఇటుక స్తూపాలనూ అదే 16 మి.మీ. దగ్గర తీసినప్పుడు, తడి మెరుపు పోయి ఆకుపచ్చా ఇటుక ఎరుపూ తమ అసలు రంగుతో వచ్చాయి. ఆకాశమంతా తెల్లటి మబ్బే కాబట్టి పట్టీ అన్న మాటే రాలేదు. వైడ్ యాంగిల్ మీద ఈ ఫిల్టర్‌ను నేను ఎక్కువగా వాడేది ఇప్పుడు అలాంటి రోజుల్లోనే.

కొత్త నమూనాను వైద్యురాలు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశారు. ఆకాశం గురించి ఏమీ అనలేదు. కింది భాగంలో పాచి పట్టిన ఆ రాయి మీద వేలు పెట్టి, "ఇలాంటి రాయి మీద కూర్చునే కాళ్లు నీళ్లలో పెట్టుకునేవాళ్లం" అన్నారు. ఫ్రేమ్ కట్టేవారు మామూలుగా వేసే అద్దం వేస్తామన్నారు గానీ, హాలులో ట్యూబ్‌లైట్ సరిగ్గా ఆ గోడకు ఎదురుగా ఉంది, అద్దం వేస్తే నీటి మీద నుంచి తీసేసిన తళుకు మళ్లీ ఫొటో మీదికి వచ్చి కూర్చుంటుంది. అందుకని మెరుపు లేని మాట్ కాగితం మీద అచ్చు వేయించి, అద్దం లేకుండానే గోడకు ఎక్కించాం.